రెండో టోపీ

"బిడ్డ ఒక్కడే కదా, టోపీలు రెండెందుకు?"

ఇబాదాన్ బస్టాండులో బెంచీ మీద కూర్చున్న ముసలామె అడిగింది.

అబేని సంచీ మూతి గబుక్కున మూసింది. పెద్దవాళ్ళు పలకరిస్తే మోకాలు వంచి దండం పెట్టాలి. ఆమె మోకాలు వంగలేదు.

"కవలపిల్లాడు అమ్మమ్మా. తైవో," అన్నాడు భర్త లాడిపో.

"మరి కెహిందె ఏడీ?"

"లాగోస్ వెళ్ళాడు."

ముసలామె సంచీ వంక చూసి తల ఊపింది.

అక్కడ ఏ ఇంట కవలలు పుట్టినా, ఆడైనా మగైనా, అవే పేర్లు. ముందు పుడితే తైవో, తర్వాత పుడితే కెహిందె. లోకం ఎలా ఉందో చూడమని తమ్ముణ్ణి ముందు పంపిస్తాడు కనుక, వెనక వచ్చిన కెహిందెయే అన్న. ఇద్దరిలో ఒకరు చనిపోతే ఆ మాట ఎవరూ అనరు. రెండోవాడు వింటే బెంగతో వెంట వెళ్ళిపోతాడని భయం. లాగోస్ వెళ్ళాడంటారు. బట్టలూ బొమ్మలూ మాత్రం ఎప్పటిలాగే రెండేసి కొంటారు.

కెహిందె వెళ్ళి నాలుగు నెలలు. అబేని నవ్వి నాలుగు నెలలు.

అందుకే లాడిపో ఈ ప్రయాణం తలపెట్టాడు. నిజంగా లాగోస్‌కే. రెండు రోజులు. స్నేహితుడి ఇంట్లో గది, సముద్రపు గాలి. ఎనిమిది నెలల పిల్లాడికి జావపిండి, ఫ్లాస్కులో వేడినీళ్ళు, జ్వరం మందు, దోమతెర అన్నీ చీటీ మీద రాసుకుని మరీ సర్దాడు.

చీటీలో రెండో టోపీ లేదు. అది అబేని పెట్టింది.

బయల్దేరుతుంటే అత్తగారు గుమ్మానికి అడ్డం నిలబడింది. "అన్న ఉన్న ఊరికి తమ్ముణ్ణి తీసుకెళ్తారా? బుద్ధుందా మీకు?"

దేవుడు ఇద్దర్ని ఇచ్చి ఒకణ్ణి ఎందుకు తీసుకున్నాడో అబేనికి తెలియలేదు. పోయాడని అనకూడదు కనుక ఏడవడానికీ వీల్లేకపోయింది.

బస్సు నిండితే గాని కదలదు. ఎండకి తైవో గుక్కపట్టి ఏడ్చాడు.

"ఇలా ఇవ్వు," అని ముసలామె పిల్లాణ్ణి వీపున వేసుకుని గుడ్డ బిగించింది. నాలుగడుగులు వేసేసరికి వాడు ఊరుకున్నాడు.

అంతలో లాగోస్ నుంచి బస్సొకటి వచ్చింది. ముసలామె పిల్లాడితో సహా అటు పరుగుతీసింది.

"నా బిడ్డ!" అబేని కేక పెట్టి వెంటపడింది.

ముసలామె పారిపోవడం లేదు. బస్సు దిగేవాళ్ళ మొహాల్లోకి ఒక్కొక్కరినే చూస్తోంది. అబేని గుడ్డ ముడి విప్పి పిల్లాణ్ణి లాక్కుంది.

"భయపడకు తల్లీ," టికెట్లు కోసే లసిసి నవ్వాడు. "లాగోస్ అమ్మమ్మంటాం మేము. ఏ బస్సొచ్చినా ఇదే పని. తను మాత్రం ఒక్కసారీ లాగోస్ వెళ్ళలేదు. ఏం అమ్మమ్మా, ఇవాళైనా మొగుడు దిగాడా?"

"దిగాడు. నీ పళ్ళు చూసి మళ్ళీ ఎక్కేశాడు."

అందరూ నవ్వారు, అబేని తప్ప.

వాళ్ళ బస్సు నిండింది. ముసలామె కిటికీ దగ్గరికి వచ్చింది.

"కవలల తల్లీ, వాడికి నిజం చెప్పు. ఇప్పుడే చెప్పు. ఆలస్యమైతే ఎదురుచూడ్డం అలవాటైపోతుంది."

"నువ్వు ఎవర్నైనా కన్నావా?"

"లేదు."

"కంటే తెలిసేది."

ముసలామె నొచ్చుకోలేదు. ఆకులో చుట్టిన ఉడికించిన బొబ్బర్ల పొట్లం లోపలికి అందించింది.

"మా అక్క లాగోస్‌లో ఉంది. కనిపిస్తే ఇవ్వండి."

"ఎక్కడుంటుంది?" అన్నాడు లాడిపో.

"లాగోస్ అన్నారు. అంతే."

"మరి గుర్తుపట్టేదెలా?"

"నన్ను బాగా చూడు నాయనా."

బస్సులో మళ్ళీ నవ్వులు. ఊరు దాటగానే, "ఏం మందు కలిపిందో," అని అబేని పొట్లాన్ని కిటికీలోంచి విసిరేసింది.

లాగోస్‌లో సముద్రం ఉంది, గాలి ఉంది. అబేని మాత్రం కనిపించిన ప్రతి తల్లి వీపు మీదికీ తొంగి చూసింది. రెండు రోజులూ అదే పని. రెండో సాయంత్రం ఉన్నట్టుండి ఇసుకలో కూలబడింది.

"నేనూ ఆవిడలాగే మొహాలు వెతుకుతున్నాను," అంది భర్తతో. "తైవో నాన్నా, ఇంటికెళ్దాం. ఆవిడకి దండం పెట్టాలి."

మర్నాడు ఇబాదాన్‌లో వాళ్ళు దిగుతుంటే ఎవరూ మొహాల్లోకి చూడలేదు. బెంచీ ఖాళీగా ఉంది.

"అమ్మమ్మ ఏది లసిసీ?" అంది అబేని.

లసిసి నెత్తిమీది టోపీ తీశాడు. "మీరెళ్ళిన మర్నాడు పొద్దున్నే లాగోస్ వెళ్ళిపోయింది తల్లీ."

"మొత్తానికి వెళ్ళిందన్నమాట! ఏ బస్సులో?" అన్నాడు లాడిపో.

లసిసి నేల చూశాడు.

అబేనికి అర్థమైంది. ఖాళీ బెంచీ ముందు రెండు మోకాళ్ళూ నేలకి ఆనించింది. సంచీలోంచి రెండో టోపీ తీసి బెంచీ మీద పెట్టింది. తర్వాత పిల్లాడి చెవి దగ్గర నోరు పెట్టి, "నాన్నా, మీ అన్న చనిపోయాడురా," అంది.

నాలుగు నెలల ఏడుపు అప్పుడొచ్చింది.

చాలాసేపటికి, "ఆవిడ పేరేంటి?" అని అడిగింది.

"ఆరేళ్ళప్పుడు, అక్క లాగోస్ వెళ్ళింది, వచ్చేస్తుందని వాళ్ళమ్మ చెప్పిందట. అప్పట్నుంచీ ఈ బెంచీ మీదే. లాగోస్ అమ్మమ్మంటే నవ్వి ఊరుకునేది గానీ..." లసిసి బెంచీ మీది టోపీ వంక చూశాడు. "అసలు పేరు తైవో."

అబేని చేతుల్లోని పసివాడు తననే పిలిచారనుకుని తల తిప్పి చూశాడు.