ఏడుపు కావలెను

పాట మళ్ళీ వెనక్కి వచ్చింది.

“మాటలు బాగున్నాయి. ఏడుపే లేదు,” అన్నాడు సంగీత దర్శకుడు ఫోన్లో.

సినిమాలో తండ్రి శవం ముందు కొడుకు పాడే పాట అది. రేపటికి ఏడుపు రాకపోతే ఇంకొకరి చేత రాయించుకుంటానని కూడా చెప్పాడు. ఉదయ్ భాస్కర్‌కి ఇది మొదటి సినిమా అవకాశం. జారిపోతే మళ్ళీ రాదు.

పైగా అతను పాట రాయడమెలాగో ఆన్‌లైన్‌లో క్లాసులు చెప్పే గురువుగారు. ఊహ రాకపోతే ఊరు మారండి, కొత్త మనుషుల మధ్య కూర్చోండి అని శిష్యులకు ఊదరగొడుతుంటాడు. తను మాత్రం ఏసీ గది దాటడు.

ఏడుపంటారా, నిరుడు కన్నతండ్రి పోయినప్పుడే ఈయనగారి కంట చుక్క రాలేదు. వైరాలో దహనం కాగానే కారెక్కాడు. సాయంత్రం క్లాసుంది మరి.

ఇప్పుడు అర్జంటుగా ఏడుపు కావలసి వచ్చేసరికి లంబాడీ తండాలు గుర్తొచ్చాయి. అక్కడి ఆడవాళ్ళు రాగం తీసి ఏడుస్తారనీ, దాన్ని ఢావ్లో అంటారనీ ఎక్కడో విన్నాడు.

తండ్రి వీరన్న పుట్టింది కూడా పాల్వంచ అవతల అడవి అంచున ఒక తండాలోనే. వైరా రైతుల పిల్ల ప్రసూనను చేసుకుని ఆమె ఊళ్ళోనే ఉండిపోయాడు. తండా గురించి ఇంట్లో ఎప్పుడూ మాటే రాలేదు. ఉదయ్ మాత్రం ఇంటర్వ్యూ దొరికితే చాలు, నా రక్తంలోనే తండా పాట ఉందని గుండె మీద చెయ్యి వేసుకునేవాడు. ఆ తండా మట్టి అతని చెప్పుకి కూడా అంటలేదు.

మర్నాడు పొద్దున్నే అక్కడ కారు దిగాడు.

మొదటి ఇంటి ముందు బిచ్యా అనే ముసలాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఉదయ్ తన పేరు చెప్పాడు. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. సినిమా పేరు చెప్పాడు. అయినా లేదు. ఇక పని త్వరగా అవుతుందని తండ్రి పేరు వాడాడు. వీరన్న కొడుకుననీ, నాన్న పోయాడనీ, చచ్చిపోయిన తండ్రి కోసం ఏడ్చే పాట ఒకటి కావాలనీ చెప్పి, ఇక్కడ బాగా ఏడ్చేది ఎవరని అడిగాడు.

బిచ్యా అతని ముఖాన్ని పోలికల కోసమన్నట్టు చూశాడు.

“వీరన్నకు ఏడ్వాలంటే రూప్లే ఏడ్వాలె. ఇంకెవ్వరు ఏడ్చినా చెల్లదు.”

అంటే ఈ చుట్టుపక్కల ఆవిడే నంబర్ వన్ అన్నమాట అనుకున్నాడు ఉదయ్.

రూప్లి మిరప చేనులో ఉందట. బిచ్యా కబురు పంపి, టీ పెట్టించడానికి లోపలికి వెళ్ళాడు. ఉదయ్ మంచం మీది దుమ్ము రుమాలుతో దులిపి, రికార్డర్ ఆన్ చేసి ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

ఇంతలో ఒక ముసలామె పరుగున వచ్చింది. కాళ్ళకు చేని బురద. ఎవరు నువ్వని అడగలేదు. ఉదయ్ లేచేలోపే భుజాలు రెండూ పట్టుకుని, అతని రొమ్ముకు తల ఆనించి గొంతెత్తింది.

తెల్ల చొక్కాకు మిరపకాయ ఘాటు, చెమట. ఉదయ్ ఊపిరి బిగపట్టాడు.

ఆ భాష అతనికి రాదు. మధ్యమధ్య వీరన్న అన్న పేరు మాత్రం తెలిసింది. నేను చెప్పిన పేరు అప్పుడే తండా అంతా పాకింది, పైసల కోసం వేషాలు మొదలయ్యాయి అనుకున్నాడు. శ్రుతి లేదు, తాళం లేదు. అసలు పాడేవాళ్ళు మీద పడతారా? కూర్చుని, గొంతు సవరించుకుని పాడతారు.

రూప్లి వచ్చేసరికి బ్యాటరీ అయిపోతుందని, ఎక్కినంతా చెరిపేసి రికార్డర్ ఆపేశాడు.

“జరగమ్మా. నేను వేరే ఆవిడ కోసం వచ్చాను,” అని ఆమె చేతులు విడిపించుకున్నాడు.

ఆమె పక్కకు జరిగిందే గాని ఏడుపు ఆపలేదు. నేలకేసి చూస్తూ చివరిదాకా ఏడ్చింది. అంతసేపూ ఉదయ్ ఫోన్ చూసుకున్నాడు. తర్వాత ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, అతని బుగ్గలు తడిమి, మెటికలు విరిచి, వచ్చిన దారినే చేనుకు వెళ్ళిపోయింది.

బిచ్యా టీ తెచ్చాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. గుమ్మాల్లో నిలబడ్డ ఆడవాళ్ళు ముక్కులు చీదుతున్నారు.

“ఎక్కిందా బిడ్డా, నీ మిషిన్ల?”

“ఏం ఎక్కుతుంది? రూప్లి రానే లేదు. ఎవరో పిచ్చామె మీద పడి ఏడ్చిపోయింది.”

“గామెనే రూప్లి.”

ఉదయ్ దిగ్గున లేచాడు. గుమ్మాల్లోని ఆడవాళ్ళను ఇప్పుడు చూశాడు. సంగీత దర్శకుడు అడిగింది ఇదే. తన చేతుల్లోకి వచ్చి మరీ పాడి వెళ్ళింది.

ఇంకొక్కసారి ఏడవమని చెప్పండని బతిమాలాడు. ఆమె ఎంత అడిగితే అంత ఇస్తానన్నాడు.

బిచ్యా టీ గ్లాసు మంచం మీద పెట్టాడు. పురుగును చూసినట్టు చూశాడు.

“మల్ల ఏడ్వదు. మా తండాల సచ్చినోని ఏడుపు, ఆ ఇంటి రక్తం కండ్లవడ్డప్పుడు ఒక్కసారే. మీరు కబురు గూడ పంపకపోతిరి, ఎవ్వలో చెప్తే ఎరుకైంది. ఎవ్వలన్న ఒక్కలు రాకపోతరా అని నిరుటి సంది కడుపుల దాసుకున్నది.”

“ఆమె ఎందుకు దాచుకోవాలి?” అన్నాడు ఉదయ్.

“రూప్లి మీ నాయినకు ఒక్కగానొక్క చెల్లె, నీకు మేనత్త.”