తొమ్మిది గంటల ఆకులు

"నాగలత అనే పేరు మన జాబితాలో లేదు సార్" అంటూ హర్షిణి ఆ పేరును ఆన్‌లైన్ క్లాసులోంచి తీసేసింది.

ఐదు రోజుల శిక్షణ అది. నీళ్లు కరువైతే మొక్కలో ఏ జన్యువు మేల్కొంటుంది, ఏది నిద్రపోతుంది అని వెతికే శాస్త్రవేత్తలు నలభై మంది. ఎవరి డేటా వాళ్లు అందరి ముందూ పెట్టాలి. కలిసి పరీక్షించి, నిలబడినదాన్ని ఉమ్మడి ఖజానాలో చేర్చాలి.

క్లాసు నడిపేది రాజశేఖర్. వచ్చేవాళ్లను లోపలికి వదిలే పని హర్షిణిది. కర్నూలులో పరిశోధన చేస్తున్న ఆ అమ్మాయికి అంతకంటే పెద్ద తలనొప్పి ఇంకొకటుంది.

దేవనకొండ పక్క చేలో వేసిన కొర్ర మీద మూడేళ్ల శ్రమ ఆమెది. నూట ఇరవై ఆకుల డేటా. నీళ్లు పెట్టిన మళ్లు ఒక గుంపుగా, ఎండబెట్టినవి ఇంకో గుంపుగా తేలాలి.

తేలలేదు. రెండూ కలగాపులగమై, ఇంకేదో కారణంతో రెండు గుంపులయ్యాయి.

శిక్షణ ముగిసే శుక్రవారంలోగా ఆ కారణం తెలియకపోతే డేటా చెత్తబుట్టకే. మళ్లీ పంట వేసే గడువు లేదు.

తేల్చేదాకా కుర్చీ దిగనని హర్షిణి పంతం పట్టింది.

రెండో రోజు నాగలత మళ్లీ వచ్చింది. కెమెరా లేదు, వెనక ఏదో బండి మోత.

"ఒక మాట చెప్పల్ల మేడమ్" అంది.

ఇది సైంటిస్టుల క్లాసని, పొరపాటున వచ్చినట్టున్నావని చెప్పి హర్షిణి మళ్లీ తీసేసింది.

మూడో రోజూ అదే పేరు. హర్షిణికి ఒళ్లు మండింది. ఏదో చిన్న కాలేజీలో చదివే పిల్లయి ఉంటుంది, ఉండనిమ్మని రాజశేఖర్ సర్దిచెప్పాడు. హర్షిణి ఉండనిచ్చింది గానీ మైకు మూసేసింది.

ఆ రోజు హర్షిణి వంతు. తెర మీద రెండు గుంపుల చుక్కలు చూసి, ఆకులు తెంపిన వేళలో తేడా ఉందా అని ఆయన అడిగాడు. పొద్దెక్కే కొద్దీ జన్యువుల పని మారిపోతుందట.

"లేదు సార్. అన్నీ ఒకే రోజు, తొమ్మిదింటికే. చీటీలన్నీ నేనే ముందుగా రాసి చేనికి పంపాను."

అప్పుడు తెర పక్కన నాగలత రాత కనిపించింది. ఏడు, ఎనిమిది, పంతొమ్మిది అంటూ నలభై నాలుగు ఆకుల నంబర్లు. కింద ఒకే వాక్యం. 'ఇవి మధ్యాహ్నం గిల్లినవి.'

రాజశేఖర్ నవ్వుతూనే ఆ నంబర్లకు రంగు మార్చాడు. నవ్వు ఆగిపోయింది. రెండో గుంపంతా అవే. ఒక్కటి కూడా అటూ ఇటూ పోలేదు.

వేళ తేడా తీసేసి లెక్క వేస్తే, నీళ్ల మళ్లు ఒకవైపు, ఎండు మళ్లు ఒకవైపు చక్కగా విడిపోయాయి.

ఇంత తొందరగా తేల్చే మనిషిని తాను చూడలేదని, ఏ పద్ధతి వాడిందో కనుక్కోమని ఆయన అన్నాడు. హర్షిణి మైకు తెరిచేసరికి నాగలత వెళ్లిపోయింది.

మిగిలిన రెండు రోజులూ రాలేదు.

డేటా ఖజానాలో చేరింది. హర్షిణికి మాత్రం సిగ్గుగా ఉంది. మనిషిని రెండుసార్లు గెంటేసి, మూడోసారి నోరు కట్టేసింది. ఆ పేరు తన పేరు పక్కన వేస్తే గానీ పేపరు పంపకూడదని నిశ్చయించుకుంది. జిల్లాలోని కాలేజీలన్నీ అడిగింది. ఎవరికీ తెలియదు. చివరికి క్లాసు రికార్డులో ఉన్న నంబరుకు ఫోన్ చేసింది.

ఎవరో పెద్దావిడ ఎత్తింది. తన పేరు మహాదేవమ్మ అని, నాగలత తన కోడలని చెప్పింది.

"ఆయమ్మి లేదమ్మా. గుంటూరు పక్క మిరపకాయలు కోయను పోయె. ఊరోళ్లంతా ముందే పోయినా, మీకు ఆ మాట చెప్పేదాకా కదలనని మూడు దినాలు ఆగింది. ఫోను ఈడే ఇడిసిపోయింది."

ఆమె ఏం చదువుకుందని హర్షిణి అడిగింది.

"ఏడు దాకా."

మరి ఆ నంబర్లు ఎలా తెలిశాయని హర్షిణి మెల్లగా అడిగింది.

"ఆ పొద్దు పీర్ల పండగ గదా. సగం మంది ఆడోళ్లు పీర్లను సాగనంపి మధ్యాన్నానికి చేనికొచ్చిరి. మీ చీటీల్లో అన్నిట్లో తొమ్మిదనే ఉండె. ఎవురన్నా అడుగుతారేమోనని ఆ నంబర్లన్నీ ఇంట్లో గోడ మీద బొగ్గుతో రాసిపెట్టుకున్యాది. మీరు చేనాయనకు పంపిన క్లాసు లింకు అడిగి తీసుకొని మీకు చెప్పను చూసె. మీ చేన్లో ఆకులకు చీటీలు కట్టిన కూలిమనిషి ఆమెనే గదమ్మా."