మొఖం పడని వీడియో

“ఈడ పలిగింది బిడ్డా.”

పెద్దాయన చూపుడువేలు అద్దాల బల్ల మీది ఖరీదైన కొత్త ట్యాబ్ మూల దగ్గర ఆగింది.

కైసర్ వంగి చూశాడు. అద్దం నున్నగా మెరుస్తోంది. పగులూ లేదు, పాడూ లేదు.

“ధర తగ్గించేటందుకు మంచి ఉపాయమే తీసినవ్ కాకా!” అని నవ్వాడు.

స్టేషన్ ఘన్‌పూర్ బస్టాప్ ఎదురుగా సెల్ షాపు పెట్టి మూడేళ్లయింది. బేరగాళ్ల ఎత్తులన్నీ అతనికి కంఠతా వచ్చు.

“పొద్దుగాల్నే డబ్బ ఇప్పిన. పలుగుడేంది?”

పెద్దాయన వేలు వెనక్కి తీసుకున్నాడు. పేరు చందూలాల్. తరిగొప్పుల దగ్గర తండా. పక్కనున్నది కూతురు పూజ. పాలిటెక్నిక్ పరీక్షకు వీడియో పాఠాలు చూడాలట, ట్యాబ్ కావాలట.

కైసర్ ఒక మామూలు ట్యాబ్ తీసి పెట్టాడు. దాని పక్కకే, అదే సైజులో ఉన్న ఆ ఖరీదైనదాన్ని జరిపాడు.

“మామూలుది సాలన్నా,” అంది పూజ. “మా తండల సిగ్నల్‌కు పాఠం సగంసేపు గుండ్రంగ తిరుగుడే.”

“అట్లనకు చెల్లె. దీంట్ల పిక్సెళ్లు డబుల్. జర ఆగు, చూపిస్త.”

ఖరీదైన దాంట్లో ఒక వీడియో పెట్టాడు. షాపుకొచ్చిన ప్రతివాళ్లకూ అదే చూపిస్తాడు.

తెల్లటి మంచు. రైలు పట్టాలు. ఎక్కడో దూరంగా ఒక మనిషి ఎర్రజెండా ఊపుతూ రైలుకు ఎదురు పరుగెత్తి వస్తున్నాడు. బ్రేకుల కీచుమోత. అంతే.

పూజ నోరు తెరిచింది.

“చూసినవా, చెల్లె నోరెట్ల తెరిసిందో! గదీ స్క్రీనంటే!”

“పూజా, బస్సొచ్చిందేమో చూడు,” అన్నాడు చందూలాల్.

పూజ వాకిట్లోకి కదిలింది. కైసర్ కాలర్ సర్దుకున్నాడు.

“ఇది నేనే తీసిన కాకా. పోయిన చలికాలం. అమ్మీని రైల్ల వరంగల్ దవాఖానకు తీస్కపోతున్న. డోర్ల నిలవడి మంచు వీడియో తీస్తున్న. చలికి పట్టా ఇరిగిందట. గీ మనిషి ఉరికొచ్చి ఆపకుంటే నేను లేను, అమ్మీ లేదు. పది లక్షల మంది చూసిన్రు. పేపర్ల నా పేరేసిన్రు!”

“ఆయన పేరో?”

కైసర్ గొంతు తగ్గింది.

“గదే ఎయ్యలే. స్టేషన్ల అడిగితే వేరే దిక్కు డ్యూటీ పడ్డదన్నరు. ఏడాది సంది ఎతుకుతున్న. తన చేతితోని వండిపెడ్తనని అమ్మీ మొక్కుకున్నది. రోజు నేనింటికి పోంగనే దొరికిండా బేటా అనడుగుతది. కానొస్తే కాళ్లు మొక్కుత కాకా.”

“కాళ్లు మొక్కుడెందుకు? జీతం తీస్కుంటున్నడు, పని జేసిండు.”

కైసర్‌కు చుర్రుమంది.

“గట్లనకు కాకా! నన్నేమన్న అను, పడ్త. గాయన గురించి ఒక్క మాటంటే ఊకోను.”

చందూలాల్ నవ్వాపుకున్నాడు. మళ్లీ వీడియో మీదికి వంగాడు.

“మంచిది, అనను. మరి గింత ఖరీదు స్క్రీనుల గూడ ఆయన మొఖం కానొస్తలేదేంది?”

కైసర్ రెండు వేళ్లతో పెద్దది చేశాడు. ముఖం బూడిద మరకలా సాగింది.

“దూరం గద కాకా. ఫోన్ల సరిగ పడలే.”

“తీసినప్పుడు పడంది అద్దమెక్కడికెల్లి తెస్తది? శేరు పాలు పది శేర్ల కుండల పోస్తే పది శేర్లయితయా?”

చందూలాల్ అంతటితో ఆగలేదు. రెండు ట్యాబుల్లోనూ ఆ వీడియోనే పెట్టించాడు. కైసర్‌ను వెనక్కి తిరగమని, వాటిని అటూ ఇటూ మార్చాడు.

“రెండడుగులు ఎనుకకు జరిగి చెప్పు. పిక్సెళ్లది ఏది?”

“ఇదే! కండ్లకు కొట్టొచ్చినట్టు కనపడ్తలే?” కైసర్ వేలు చూపాడు.

అది మామూలుది.

వాకిట్లో పూజ కిసుక్కుమంది. కైసర్ చెవులు ఎర్రబడ్డాయి.

“నీ సోడబుడ్డి అద్దాలకు రెండు ఒక్కతీర్గనే ఉంటయిలే కాకా! తేడ తెల్వాల్నంటే కండ్లుండాలె.”

పూజ నవ్వు ఆగిపోయింది. చందూలాల్ మాత్రం కళ్లద్దాలు తీసి, చొక్కా కొసతో తుడిచి, నిదానంగా పెట్టుకున్నాడు.

“నా పనికి గీ కండ్లు సాల్తున్నయి బిడ్డా. మామూలుదే ఇయ్యి.”

ట్యాబ్ తీసుకుని తండ్రీకూతుళ్లు వెళ్లిపోయారు.

కైసర్ గొణుక్కుంటూ ఖరీదైన దాన్ని డబ్బాలో పెట్టబోయాడు. వాకిట్లోంచి ఎండ ఏటవాలుగా పడింది. చెయ్యి ఆగిపోయింది.

పెద్దాయన వేలు పెట్టిన చోటే సన్నటి పగులు. వెంట్రుకంత.

ఇంతలో పూజ రొప్పుతూ వచ్చింది.

“అన్నా, గా వీడియో నాకు పంపవా? జల్ది. జనగామ బస్సొచ్చింది, బాపు ఎక్కిండు.”

నంబర్ చెప్పింది. కైసర్ పంపాడు. ఫోన్ మోగగానే తూనీగలా ఉరికింది.

కైసర్ ట్యాబ్ చేతిలో పట్టుకునే గడప దాటాడు. బస్సు కదిలింది.

“చెల్లె! గీ పలుగుడు నాకే కానరాలే, మీ బాపుకెట్ల కానొచ్చింది?”

పూజ ఫుట్‌బోర్డు మీద తలెత్తి నిలబడింది.

“రోజు పట్టాల పొంటి నడుసుకుంట గసొంటివే ఎతుకుతడన్నా!” అని బస్సు మోతను మించి అరిచింది. “గా వీడియోల మొఖం పడకున్నా మంచిదే, ఉరికే తీరు చూసి మా బాపేనని మా అమ్మ గుర్తువడ్తది!”