విత్తనపు సీసా

కోదాడలోని చిన్న ల్యాబులో జ్యోత్స్న రొయ్యపిల్లల మేతకు సముద్రపు నాచు పెంచుతుంది. ఒక్కొక్కటీ ఒకే కణం. కంటికి ఆనదు కానీ, సీసాలో ఉప్పునీళ్లను పచ్చగా చేస్తుంది.

పోయిన నెల వైరస్ సోకి సీసాలన్నీ తెల్లబడ్డాయి, ఒక్కటి తప్ప. తెగులు తట్టుకున్న మడిలోనే విత్తనం తీయాలని వాళ్ల నాన్న మాట. ఆ సీసా నాచునే విత్తనంగా ఇరవై క్యాన్లకు పెంచి, ఇవాళ మధ్యాహ్నం వ్యానులో తీరానికి పంపింది. అక్కడి తొట్లలో వ్యాధి ఎరగని నాచు ఉంది.

రాత్రి వాచ్‌మన్ సాంసన్ తొంగిచూసి ఒక సీసా చూపించాడు. "గీ సీసా కడిగినవా బిడ్డా? మంచినీళ్ల లెక్కున్నది."

జ్యోత్స్న కడగలేదు. అది తీరం నుంచి తెచ్చిన ఆరోగ్యమైన నాచు. గట్టిపడుతుందని మొన్న దాంట్లో, తెగులును గెలిచిన నాచు రెండు చుక్కలు తోడు వేసింది.

పక్కనే విత్తనపు సీసా పచ్చగా నిగనిగలాడుతోంది.

"గది మంచిగనే ఉన్నది గదా," అన్నాడు సాంసన్.

"మంచిగనే ఉంటది, సాంసనన్నా. రోగం దాన్ని సంపలే. దాంట్లనే కాపురమున్నది."

ఆమె డ్రైవరుకు ఫోన్ చేసింది. చాలాసేపటికి ఎత్తాడు. అతని గొంతుకన్నా ముందు, తొట్టిలోకి క్యాన్ల నీళ్లు గుడగుడా పడుతున్న చప్పుడు వినిపించింది.