మళ్లొక్కసారి కొట్టు

ఈ రాత్రి కూడా అడవిపందులు దిగితే మైసయ్య పల్లిచేను ఊడ్చిపెట్టుకుపోయినట్టే. పంచాయతీ పిలిపించిన షూటర్ దామోదర్ హాలియా నుంచి బైక్ మీద రానే వచ్చాడు. ఇక మంచె ఎక్కడమే తరువాయి. తీరా చూస్తే అడ్డం పడింది మైసయ్యే!

"గీ గతుకుల తొవ్వల గుద్దుకుంట వచ్చినవు. తుపాకి ఒకపారి కొట్టి చూసినవా?"

"ఇంటికాడ చూసిన పెద్దాయనా."

"గది ఇంటికాడి ముచ్చట. గిక్కడ కొట్టు."

దామోదర్ సర్పంచ్ సైదులు వైపు చూశాడు. ఎవరినైనా గదమాయించే సైదులు "కాకా చెప్పినట్టు చెయ్యి" అన్నాడు. చేసేదేముంది! ముగ్గురూ ఊరవతల పాడుబడ్డ క్వారీకి వెళ్లారు. రాతిగోడకు ఇసుక బస్తా ఆనించి, దానికి నల్లచుక్క పెట్టిన అట్టముక్క కట్టారు.

తేలికపాటి రైఫిల్ అది. భుజాన వేసుకుని చెలకలన్నీ తిరగొచ్చు గానీ, పేలితే వెనక్కి తన్నుడు ఎక్కువ. దామోదర్ గురిచూసి కొట్టాడు. గుండు చుక్కకు జానెడు ఎడంగా దిగింది.

"తూటాల తేడా ఉన్నట్టుంది" అని నసిగాడు.

"తూటా కాదు. గురి చూసే స్కోపును పట్టుకునే మౌంట్ చూడు. మరలు కదిలినయేమో."

మౌంట్ అనే మాట ఆ ముసలాయన నోట వినేసరికి దామోదర్ నోరెళ్లబెట్టాడు. చూస్తే నిజంగానే వదులైంది. సులువుగా ఊడదీయొచ్చని ముచ్చటపడి కొన్న మౌంట్ అది. తిట్టుకుంటూ దాన్ని తీసేసి, సంచిలోంచి మరలతో బిగించే పాతదాన్ని తీసి పెట్టాడు.

"మళ్లొక్కసారి కొట్టు" అన్నాడు మైసయ్య.

దామోదర్ తెచ్చిన రెండు రకాల తూటాల్లో తేలిక గుండువి చెల్లాచెదురుగా పడ్డాయి. బరువు గుండువి ఒకేచోట పడ్డాయి.

"రాత్రికి గవ్వే తీస్కపో. గివి గవి కలపకు బిడ్డా."

"ఓయబ్బో! వయసుల ఉన్నప్పుడు మస్తు షికార్ చేసినవా ఏంది?" నవ్వాడు దామోదర్.

"తుపాకి ముట్టినోన్నే కాదు."

అది నిజమేననిపించింది. పేలిన ప్రతిసారీ చెవులు మూసుకుంటున్నాడు. అయినా మళ్లీ కొట్టమంటాడు!

"పక్క మంచెలు అన్ని ఖాళీ చేయించిన కాకా" అన్నాడు సైదులు మెల్లగా. పందులు బెదురుతాయని కాబోలు అనుకున్నాడు దామోదర్.

పొద్దు వాలింది. ఆఖరి గుండ్లన్నీ చుక్కలోనే దిగాయి. మైసయ్య వెళ్లి ఆ చిల్లులను వేలితో తడిమాడు. ఉన్నట్టుండి భోరున ఏడ్చాడు. సైదులు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

దామోదర్ రైఫిల్ పక్కన పెట్టి దగ్గరికొచ్చాడు.

"రంది పెట్టుకోకే పెద్దాయనా, నీ చేనుకేం కానియ్య."

"చేను పోతె పోనియ్ బిడ్డా."

"తుపాకి ముట్టకుంట గీ మౌంట్లు, తూటాలు ఎక్కడ నేర్చినవే?"

మైసయ్య తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు.

"కోర్టుల బిడ్డా, మౌంట్ వదులై గుండు పక్క మంచెకు పోయిందని అప్పట్ల పందులకు వచ్చిన షూటర్ వకీలు వాయిదా వాయిదాకు చెప్తుంటె విన్న, గా మంచె మీద కావలి పండుకున్నది నా కొడుకే."