కనబడని అద్దం

అద్దం మీద మళ్ళీ ఎర్ర కాగితం పట్టీ అతికించి ఉంది.

డిజైనరమ్మ ఒంటికాలి మీద లేచింది.

ఈ పిల్లల గ్రంథాలయానికి రూపం గీసింది ఆవిడే. తలుపులు తెరిచి పది రోజులయింది. గుమ్మం పక్కన నేల నుంచి కప్పు దాకా ఒకే అద్దం. మందపు అద్దంలో పచ్చ ఛాయ కనబడుతుందని, పట్టుబట్టి పలచటిదే వేయించింది. లోపలికీ బయటికీ మధ్య ఏమీ లేనట్టుండాలని ఆవిడ కోరిక. నిజంగానే ఏమీ లేనట్టుంది.

పదిన్నరకి బహుమతి కమిటీ వస్తోంది. ఆ బహుమతి కోసం ఆవిడ ఏడేళ్ళుగా కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తోంది. ఇవాళే ఈ దరిద్రం.

"ఎవడు వీడు?"

కొత్తగా చేరిన వాచ్‌మన్ బుర్ర గోక్కున్నాడు.

"పేరు తెలీదు మేడమ్. కాగితాలాయన అంటాం. మేం పీకుతాం, ఆయన మళ్ళీ అంటిస్తాడు. తెరిచిన రోజు నుంచీ ఇదే తంతు."

"పిచ్చివాడా?"

"మాట బాగానే ఉంటుంది మేడమ్."

"మరి అంత కింద అంటిస్తాడేం? నా నడుం కంటే కాస్త పైకుంది, అంతే."

వాచ్‌మన్‌కి తెలియలేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు.

కాగితాలాయన గేటు దగ్గరే దొరికాడు. చంకలో ఎర్ర కాగితాలు, చేతిలో మైదా జిగురు డబ్బా.

"నా అద్దం నీకేం అన్యాయం చేసిందయ్యా?"

"కనబడటం లేదమ్మా."

"కనబడకూడదనే పెట్టించాను."

"పిల్లలు వచ్చే చోటమ్మా. ఒక్క పట్టీ ఉండనివ్వండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"నా కాళ్ళెందుకు, తడిగుడ్డ పట్టుకో. నువ్వే అంటించావు, నువ్వే తుడువు. లేదంటే పోలీసుల్ని పిలుస్తాను."

అతను డబ్బా కింద పెట్టాడు. తర్వాత గుడ్డ అందుకున్నాడు.

జిగురును నానబెట్టాడు. బ్లేడు ఏటవాలుగా పెట్టి గీకాడు. పాత పేపరు ఉండచేసి పైనుంచి కిందికి ఒకే ఊపులో పొడిగా తుడిచాడు. ఒక్క చార మిగల్లేదు. అద్దం ఉన్నట్టే లేదు.

ఆవిడకి ముచ్చటేసింది.

"పనిమంతుడివే. ఎక్కడ నేర్చుకున్నావ్?"

"చాలా చోట్ల చేశానమ్మా. ఇక్కడా చేశాను."

ఈ పది రోజుల నిర్వాకం గురించి వెటకారమాడుతున్నాడనుకుంది. గేటు బయటికి గెంటించింది.

పదిన్నరకి ముగ్గురు పెద్దమనుషులు వచ్చారు. అందులో ఒకాయన లోపలి నుంచి అద్దానికి ముక్కు తగిలించుకుని మరీ నవ్వాడు.

"ఉందో లేదో తెలియడం లేదండీ."

అందరూ నవ్వారు. బహుమతి చేతికి వచ్చేసినట్టే అనుకుంది ఆవిడ. అంత సంతోషం ఆవిడ ముఖంలో ఎవరూ చూసి ఉండరు.

అప్పుడే బయట ఆవిడ భర్త ఆరేళ్ళ కూతురితో ఆటో దిగాడు. పాప చేతిలో అమ్మ కోసం తెచ్చిన పూలగుత్తి. ఎదురుగా లోపల అమ్మ కనబడింది. నాన్న చెయ్యి విడిపించుకుని పరుగందుకుంది.

"ఆగు తల్లీ, అక్కడ అద్దముంది." గేటు అవతల నుంచి కేక వినబడింది.

పాప ఆగలేదు. దాని కళ్ళకి అక్కడ అమ్మ తప్ప ఇంకేమీ లేదు.

అద్దం భళ్ళున పగిలింది.

అందరికంటే ముందు చేరింది కాగితాలాయనే. పాప తల ఒళ్ళో పెట్టుకున్నాడు. కుడికంటి మూల గాజుముక్క దిగబడి ఉంది. తండ్రి దాన్ని పట్టుకోబోయాడు.

"పీకొద్దు బాబూ. పీకితే కన్ను పోతుంది. అలాగే తీసుకెళ్ళండి. తల కదలనివ్వకండి."

డిజైనరమ్మ పరుగున వచ్చింది. నెత్తురంటిన ఆ చేతులు చూసింది.

"వీడే. పొద్దున్న అద్దానికి ఏదో చేశాడు. వదలకండి వీణ్ణి. పోలీసులకి అప్పజెప్పండి."

వాచ్‌మన్ అతని రెక్క పట్టుకున్నాడు. అతను విడిపించుకోలేదు. పాపని కమిటీవాళ్ళ కారెక్కిస్తుంటే మాత్రం మెడ సాచి చూశాడు.

"తల కదపొద్దు" అన్నాడు మళ్ళీ.

ఆస్పత్రిలో మూడు గంటలు పట్టింది. డాక్టరు బయటికొచ్చి మాస్కు తీశాడు.

"కన్ను దక్కింది. గాజుముక్క పీకకుండా తెచ్చారు కాబట్టి సరిపోయింది. అంత తెలివిగా మీకెవరు చెప్పారు?"

భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

సాయంత్రం వాచ్‌మన్ ఆస్పత్రికే రిజిస్టరు పట్టుకొచ్చాడు.

"ప్రమాదం జరిగితే ఇందులో రాయాలట మేడమ్. మీ సంతకం కావాలట. అతను స్టేషన్లోనే ఉన్నాడు. కొట్టారు కూడా. కారణం కింద అతని పని అనే రాసెయ్యనా?"

"ఇంతకుముందు ఎలా రాశారో చూడనీ."

వెనక పేజీలో ఒక్కటే ప్రమాదం ఉంది. కట్టడం ఇంకా నడుస్తున్న రోజులనాటిది.

'గాయపడినది: ఆరేళ్ళ పాప. తండ్రికి అన్నం క్యారేజీ తెస్తుండగా. కారణం: అద్దం కనబడకపోవడం. తండ్రి కంగారులో గాజుముక్క పీకడం వల్ల కుడికన్ను పోయింది.'

దాని కింద రెండు ముక్కలు, ఆవిడ సంతకం. తన చేతిరాతను ఆవిడ గుర్తుపట్టింది.

'పనివాళ్ళ పిల్లల్ని లోపలికి రానివ్వకండి.'

పేజీ పైన, పాప తండ్రి ఎవరని అడిగిన గడిలో, 'ఆ అద్దం బిగించిన మేస్త్రీ' అని ఉంది.