హెప్‌వర్త్ దాచుకున్న రెండు మాటలు

ఏటా జనవరిలో మా యార్క్‌షైర్ రగ్బీ లీగ్ క్లబ్బులో ఆటగాళ్ల జ్ఞాపకశక్తికి పరీక్ష పెడతాం. ఫిజియోని గనక ఐదు మాటలు నేనే చదువుతాను, వాళ్లు తిరిగి చెప్పాలి. ఆ మార్కులు దాచిపెట్టి, ఆటలో తలకు దెబ్బ తగిలినవాణ్ణి మళ్లీ అడుగుతాం. అప్పుడు మార్కులు తగ్గితే వాడు బయట కూర్చోవాలి. అందుకే మావాళ్లు, తర్వాత తగ్గినట్టు తెలియకూడదని, జనవరిలోనే కావాలని ఒకటో రెండో మాటలు మింగేస్తారు.

హెప్‌వర్త్ పదమూడేళ్లుగా మా వింగర్. మైదానం అంచు గీత వెంట పరుగెత్తే వాణ్ణి పడగొట్టని జట్టు లేదు.

"కొవ్వొత్తి, ఉప్పు, గొడుగు, మేక, తలుపు," అన్నాను.

"కొవ్వొత్తి, ఉప్పు, మేక." కన్ను గీటాడు. "చాలా, డోరీన్ అక్కా?"

"సిగ్గులేదురా? ఏటా ఇదే నాటకం!"

"నేను కూర్చుంటే ఎవరు పరుగెత్తుతారు? ఆ మోకాళ్లేసుకుని నువ్వా?"

నవ్వుకుంటూ మూడు మార్కులు వెయ్యబోయాను. అంతలో వాడు ఎడం చేత్తో టీ కప్పు పట్టుకునే, టీ కోసం బల్లంతా వెతకడం కనిపించింది. పెన్ను ఆగిపోయింది.

"సరే, మూడే వేస్తాలే. నువ్వు దాచుకున్న ఆ రెండూ ఏమిటో చెప్పు."

"అదెంత పని," అన్నాడు.

నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. కళ్లు మాత్రం గదంతా వెతికాయి. గోడకు వేలాడుతున్న నా గొడుగునూ, మూసి ఉన్న తలుపునూ దాటి, నా పెన్ను మీద ఆగాయి.

"ఇది రాయకు అక్కా," అన్నాడు.